పార్కు కోసం పెట్టిన అర్జీ

శనివారం ఉదయం ఏడు కాకముందే ఛాయాదేవి పార్కులో ఉంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఇంటి కుళాయికి తగిలించిన రబ్బరు పైపుతో బంతి మొక్కలకు నీళ్ళు పెడుతోంది. ఢిల్లీ మయూర్ విహార్‌లోని తమ ఫ్లాట్ల వెనక స్థలాన్ని పార్కు అనడం మొదలై ఎనిమిది నెలలే అయింది. అంతకుముందు అది చెత్తకుప్ప. పందులు, ప్లాస్టిక్ సంచులు, ఎవరో పగలగొట్టి పారేసిన బాత్‌రూం పలకలు. పదహారేళ్ళుగా కాలనీవాళ్ళంతా ముక్కు మూసుకుని పక్కనుంచి నడిచారే తప్ప ఒక్కరూ పార పట్టలేదు.

పార పట్టింది ఛాయాదేవి. నిజం చెప్పాలంటే ఆవిడ పట్టింది ఒక్కరోజే. రెండో రోజుకి నడుం పట్టేసింది. తర్వాత పని ఎత్తుకున్నది గోడవారన ఉన్న ఏడు గుడిసెల ఆడవాళ్ళు. అందరికంటే ముందు రామ్‌కలీ. నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోమి, మధ్యాహ్నం వచ్చి తట్టలకొద్దీ మట్టి మోసేది. ఛాయాదేవి పెద్ద గిన్నెడు ఉప్మా చేసి తెచ్చి అందరితో కలిసి తినేది. కాలనీ పెద్దమనుషులేమో బాల్కనీల్లో టీ తాగుతూ సలహాలు ఇచ్చారు. సలహాలకు మన దగ్గర ఎప్పుడూ లోటు లేదు.

మొక్కలు నిలదొక్కుకున్నాక కంచె, నీళ్ళ కుళాయి, రెండు దీపాలు కావాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. ఛాయాదేవి ఇల్లిల్లూ తిరిగి అరవై సంతకాలు పోగుచేసింది; ఆవిడ అడిగిందని అందరూ చూడకుండానే పెట్టారు. పార్కు గుడిసెలవాళ్ళది కూడా అని పట్టుబట్టి, వాళ్ళచేత వేలిముద్రలు వేయించింది. అది జరిగి మూడు నెలలు.

రామ్‌కలీ గబగబా నడిచి వచ్చింది. ఆమె చేతిలోని కాగితం వెనక గోడ సున్నం అంటుకుని ఉంది.

“ఆంటీజీ, నిన్న సాయంత్రం ఎవరో వచ్చి మా అందరి గోడలకీ ఇది అంటించి పోయారు. కాస్త చదివి చెప్పండి.”

ఛాయాదేవి బాపట్ల నుంచి ఢిల్లీ వచ్చి ఇరవై రెండేళ్ళు. హిందీలో బేరమాడితే కూరగాయలవాడు దండం పెడతాడు. చదవడం మాత్రం బస్సు బోర్డుల దగ్గరే ఆగిపోయింది.

“మా అనూ చదువుతుంది, రా. కుళాయి సంగతే అయ్యుంటుంది,” అంటూ హుషారుగా ఇంటికి దారితీసింది.

రామ్‌కలీ మెట్ల మీద కూర్చుంది. లోపల కూతురు అనూహ్య వంటింట్లో టీ కాస్తోంది. నోయిడాలో ఓ టీవీ ఆఫీసులో ఉద్యోగం, పుట్టిందీ చదివిందీ ఢిల్లీలోనే. కాగితం అందుకుని రెండు లైన్లు చదివింది. మొహం మారిపోయింది.

“అమ్మా, ఏడు రోజుల్లో ఖాళీ చేయాలట. లేకపోతే కూల్చేస్తారట.”

“దేన్నే?”

“ఔర్ క్యా? ఇంకేముంది, ఆ ఏడు ఇళ్ళనీ. ‘శ్రీమతి ఛాయాదేవి, ఇతర నివాసులు ఇచ్చిన అర్జీ ఆధారంగా’ అని ఉంది.”

ఛాయాదేవి నవ్వేసింది. “నేను అడిగింది కుళాయి. సరిగ్గా చూడు.”

“మూడుసార్లు చూశానమ్మా.”

ఛాయాదేవి చేయి తుడుచుకోకుండానే లోపలి గదిలోకి వెళ్ళి, బీరువాలోంచి అర్జీ నకలు తెచ్చింది. భర్త జనార్దనరావు నకలు ఉంచుకోకుండా ఏ కాగితమూ ఇల్లు దాటనివ్వడు. అనూహ్య అది కూడా చదివింది. మొదటి పేరాలో కంచె, కుళాయి, దీపాలు. రెండో పేరాలో, గోడవారన ఏడు కుటుంబాలు అక్రమంగా స్థలం ఆక్రమించాయని, మురికికి వాళ్ళే కారణమని, వెంటనే తొలగించాలని ఉంది. కింద సంతకాలు. వాటి మధ్య నీలంగా రామ్‌కలీ వేలిముద్ర.

ఆ వేలు పట్టుకుని ఇంకు అద్దింది ఛాయాదేవే. తర్వాత తన చీర కొంగుతోనే తుడిచింది. అది గుర్తొచ్చి ఆవిడ వంటింటి గడప మీద కూలబడింది.

ముందుగదిలో జనార్దనరావు పేపరు చదువుతున్నాడు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు. ఇరవై ఏడేళ్ళుగా ఉత్తరాలు రాయడమే ఉద్యోగం.

“ఏవండీ, ఈ రెండో పేరా మీరే రాశారా?” ఛాయాదేవి గడప మీది నుంచే అడిగింది.

“డ్రాఫ్టు నాదే. ఏం?” అంటూ అనూహ్య చేతిలోని నోటీసు అందుకున్నాడు. చదివాక పేపరు ఒళ్ళోంచి జారిపోయింది. “ఇంత తొందరగానా! మూడేళ్ళు పడుతుందనుకున్నానే!”

“అంటే తెలిసే రాశారా?”

“అది కాదు ఛాయా. పార్కు కావాలంటే ఎవడు పట్టించుకుంటాడు? అలాంటివి నా టేబుల్ మీదే గుట్టలుగా పడి ఉంటాయి. ఆక్రమణ అని ఒక్క ముక్క ఉంటేనే ఫైలు కదులుతుంది. ఆఫీసులో అందరం అలాగే రాస్తాం. ఉత్తరానికి బలం ఉంటుందని రాశాను. నిజంగా వచ్చి కూలగొడతారని ఎవడనుకున్నాడు?”

“బలానికా? ఎనిమిది నెలలు మట్టి మోసిన వాళ్ళండీ!”

“మరి నువ్వు చదవకుండా అరవై మంది దగ్గరికి ఎలా తీసుకెళ్ళావు? ఎవరిచేతైనా చదివించుకోవచ్చుగా?”

“మీరు రాశారని చదివించలేదు.”

జనార్దనరావు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

“బాహర్ రామ్‌కలీ బైఠీ హై, పాపా,” అంది అనూహ్య. “బయటే కూర్చుని ఉంది, ఏం చెప్పాలి?”

“ఇప్పుడేం చెప్పకండి. సోమవారం వెళ్ళి నేను సర్దుబాటు చేస్తాను. ఇది బయటికొస్తే కాలనీలో తలెత్తుకోలేం.”

“మన తల సంగతి తర్వాత. వాళ్ళ తలమీద కప్పు పోతోంది,” అని ఛాయాదేవి లేచి బయటికి నడిచింది.

మెట్ల మీది నుంచి రామ్‌కలీ ఆత్రంగా లేచి నిలబడింది. ఆ క్షణంలో ఛాయాదేవి ఏం చెప్పినా నమ్మేదే. నోటీసులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది, తన పేరుతో సహా.

రామ్‌కలీ ఛాయాదేవి చేయి పట్టుకుంది.

“మీరు భయపడకండి ఆంటీజీ. ఎవరో మీ పేరు వాడుకున్నారు. మీరలా చెయ్యరు, నాకు తెలుసు.”

ఇల్లు పోతున్న మనిషి తనని ఓదారుస్తోంది. ఛాయాదేవికి దుఃఖం ఆగలేదు. “కాదు రామ్‌కలీ. ఆ కాగితం తెచ్చింది నేనే. నీ వేలు పట్టుకుని ముద్ర వేయించింది నేనే. అందులో ఏముందో చూడలేదు.”

పట్టుకున్న చేయి మెల్లగా వదులైంది. రామ్‌కలీ తన బొటనవేలి వంక చూసుకుంది.

“అంటే, మా ఇల్లు తీసెయ్యమని నేనే అడిగానా?”

“రాసింది నేను,” అన్నాడు వెనకనుంచి జనార్దనరావు, హిందీలో. ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ గమనించలేదు. “మీ ఆంటీ తప్పు లేదు. ఆవిడకు నేను చెప్పలేదు.” పెళ్ళయి పాతికేళ్ళలో ఆయన ‘అయితే’, ‘కానీ’ లేకుండా తప్పు ఒప్పుకోవడం ఛాయాదేవి వినడం అదే మొదటిసారి.

పది గంటలకు పార్కులో దుప్పటి పరిచారు. ఏడు ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ఒకరిద్దరు మగవాళ్ళు జనార్దనరావుని నిలదీశారు. ఆయన తలవంచుకుని విన్నాడు. తర్వాత మామూలు హిందీలో కొత్త అర్జీ రాశాడు. ఈ పార్కు కట్టింది ఈ ఏడు కుటుంబాలేనని, మొదటి అర్జీలో రెండో పేరా సంతకాలు చేసినవాళ్ళకు వినిపించకుండా తాను రాసిందని, దాన్ని రద్దు చేయాలని రాసి, కింద తన పేరు, హోదా వేసుకున్నాడు.

“ఉద్యోగానికి ఇబ్బందేమో,” అంది ఛాయాదేవి మెల్లగా.

“అవనీ. సోమవారం సెలవు పెట్టి నేనే తీసుకెళ్తాను. ఆపుతారో లేదో తెలీదు. ఆపేదాకా అక్కడే కూర్చుంటాను.”

ఇంకు పెట్టె రామ్‌కలీ ముందుకు జరిపారు. ఆమె చేయి కొంగులో దాచుకుంది.

“ముందు చదవండి. అంకుల్‌జీ కాదు. బిటియా చదవాలి, మీ అమ్మాయి.”

అనూహ్య పైకి చదివింది. ఛాయాదేవి దూరంగా నిలబడి ఉంది, దగ్గరికి వెళ్ళే మొహం లేక. రామ్‌కలీ మాటలో తప్పేమీ లేదు, అలా అడగడమే న్యాయం. అయినా గుండెలో కలుక్కుమంది. నిన్నటిదాకా తన మాట మీద కళ్ళు మూసుకుని వేలు ఇచ్చిన మనిషి.

చదవడం అయింది. “ఇంకోసారి,” అంది రామ్‌కలీ. అనేసి వెనక్కి తిరిగి చూసింది. మొహంలో కోపం ఇంకా ఉంది. అయినా పక్కకు జరిగి దుప్పటి మీద చోటు చేసింది.

“అక్కడెందుకు నిలబడ్డారు ఆంటీజీ? వచ్చి కూర్చోండి. మీరూ వినండి. పోయినసారి మీరూ వినలేదు కదా.”

ఛాయాదేవి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. కన్నీళ్ళు తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. అనూహ్య మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.