గంటల జంపయ్య మనవరాలు

ఆ శుక్రవారం పొద్దున సారపాకలో పుష్పలత వాళ్ళ వీధిలోకి కుండల బండి వచ్చింది. ఎండలు ముదిరేలోగా కొత్త కుండ కొనాలని ఆమె ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉంది. బండి పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కో కుండనూ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది. మొద్దుగా పలికినవాటిని పక్కకు నెట్టేసింది. ఖంగుమన్నదాన్ని చంకనెత్తుకుని, గెలిచినదానిలా ఇంట్లోకి వచ్చింది.

లోపల ఐదేళ్ళ లిఖిత గోడను కొట్టి, చెవి ఆనించి వింటోంది.

పుష్పలత కుండ దించీ దించకముందే మనవరాలి చేతి మీద ఒక్కటి వేసింది. ముందురోజు జరిగింది ఆమె ఇంకా మరిచిపోలేదు. కూతురి గృహప్రవేశానికి అందరూ కలిసి వెళ్ళారు. అక్కడ ఈ పిల్ల పడకగది గోడను తట్టి, చుట్టాలందరి ముందూ, "అత్తా, ఇది డొల్ల. ఇక్కడ పండొద్దు" అంది. కడుపుతో ఉన్న ఆ కూతురి ముఖం పాలిపోయింది. ఆమె అత్తగారు అపశకునం అని అందరికీ వినిపించేలాగే గొణిగింది.

"ఇది దీని బుద్ధి కాదు, రక్తం," అంది పుష్పలత, పొయ్యి దగ్గరున్న కోడలు శ్రావణి వైపు తిరిగి. "మీ తాత గంటల జంపయ్య గిట్లనే కదనే, కనవడ్డదల్లా కొట్టుకుంట తిరిగేది. పెండ్లప్పుడే నాకు చెప్పిన్రు, నేనే ఇనలే. ఆదివారం దీన్ని చురకల ఆయన దగ్గరికి తోలుకపోత."

కాల్చిన పసుపుకొమ్ము పసిపిల్ల మణికట్టు మీద పెడతారట. పిచ్చి ముదరకుండా ఆగుతుందట. కాగితపు మిల్లులో కాంట్రాక్టు పనికి బయలుదేరుతున్న సతీష్ తల్లినీ భార్యనీ చూసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు. నోరు విప్పాల్సినప్పుడల్లా అతనికి డ్యూటీ టైమవుతుంది.

శ్రావణికి కోపం కంటే ముందు భయం వేసింది. ఒకవేళ నిజమేనేమో. చిన్నప్పుడు టేకులపల్లి బడిలో పిల్లలు ఆమెను చూడగానే టంగు టంగుమని గంట కొట్టినట్టు అరిచేవారు. తొమ్మిదో తరగతిలో ఆమె బడి మానేసింది. ఇంట్లో పనుందని అందరికీ చెప్పుకున్నారు గానీ, ఆ టంగు టంగు భరించలేకే మానేసింది. తాత ఎందుకలా ఉండేవాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఇప్పుడు అడక్క తప్పదు.

తల్లికి ఒంట్లో బాగా లేదని అబద్ధమాడి, శనివారం పిల్లను చంకనేసుకుని కొత్తగూడెంలో బస్సు మారి పుట్టింటికి చేరింది. తల్లి ముందు తప్పించుకోబోయింది. పోయినవాళ్ళ ముచ్చట్లు ఇప్పుడెందుకంది. చురక మాట విన్నాక మాత్రం మెత్తబడింది. తనకు తెలిసింది తక్కువనీ, తాతతో బొగ్గుబాయిలో పని చేసినవాళ్ళలో బసవపున్నయ్య ఒక్కడే మిగిలాడనీ చెప్పింది.

బసవపున్నయ్య ఇంటి అరుగు మీద నులక మంచంలో దగ్గుతూ కూర్చుని ఉన్నాడు. ఎవరి మనవరాలో చెప్పగానే బోసినోటితో నవ్వాడు.

"జంపయ్యకు పిచ్చి అని ఎవరన్నరు బిడ్డా?"

"అందరు అన్నరు తాతా. నువ్వు అనలేదా?"

ముసలాయన నవ్వు ఆగిపోయింది. "మేం గూడ అన్నం," అన్నాడు.

ఆ తర్వాత ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. బాయి లోపల బొగ్గు తవ్వే చోట అడుగు పెట్టేముందు పైకప్పును కర్రతో కొట్టి వింటారు. గట్టిగా పలికితే నిలుస్తుంది, డొల్లగా పలికితే ఊడి పడుతుంది. ఒకరోజు జంపయ్య కొట్టి చూసి, బాగుంది పొమ్మన్నాడు. ముందు నడిచింది అతని సొంత తమ్ముడే. కప్పు ఆ తమ్ముడి మీదే కూలింది.

అప్పటి నుంచి జంపయ్య తన చెవిని తాను నమ్మలేదు. మనిషి చెవి చెయ్యలేని పనిని గంట చెయ్యాలనుకున్నాడు. సైకిలు తీగలు, పాత స్ప్రింగులు, ఒక బడి గంట పోగేసి ఏళ్ళ తరబడి ఏదో బిగించాడు. కప్పు వెంట్రుకవాసి దిగినా తీగ బిగిసి గంట మోగాలి. తీరా లోపల కట్టాక అది బొగ్గు మోసే టబ్బు బండి కదిలినా మోగింది, మనిషి తుమ్మినా మోగింది. మోగినప్పుడల్లా అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తారు. కప్పు పడలేదు గానీ, నింపిన టబ్బుల లెక్కన కూలి వచ్చే రోజుల్లో వాళ్ళ కూలి పడిపోయింది. చివరికి వాళ్ళే ఆ తీగలు తెంపి అవతల పారేశారు. ఆ తర్వాత జంపయ్య ఏ ఇంటికి వెళ్ళినా గోడా వాసం కొట్టి చూశాకే కూర్చునేవాడు. పెళ్ళి పందిరి గుంజలను కూడా వదల్లేదు.

"గంట పనికిరాలే బిడ్డా. అది నిజం," అన్నాడు.

తాత గొప్ప పనేదో చేస్తే ఎవరో తొక్కేసి ఉంటారని శ్రావణి మనసులో ఒక మూల ఆశ ఉండేది. అది అక్కడే చచ్చిపోయింది. కానీ వేరే సందేహం లేచింది.

"మరి ఆయన చెవి తప్పింది, గంట తప్పింది. ఆ తర్వాత కప్పు ఎవరు కొట్టి చూసేది?"

బసవపున్నయ్య తల వంచుకుని చెప్పాడు.

"జంపయ్యే. తొందరపడి పొమ్మనకపోయేది. ఆయన రెండు మూడు తాపల కొట్టి పొమ్మంటే గాని, మాలో ఒక్కడు అడుగు పెట్టకపోయేది."

శ్రావణికి ఒళ్ళంతా కారం పూసినట్టయింది. "అంటే పైకొచ్చినంక పిచ్చోడు. లోపటికి పోయినంక ముందు ఆయనే పోవాలె. గంతేనా తాతా?"

ముసలాయన లిఖితను దగ్గరికి పిలిచాడు. పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

ఆ రాత్రి తల్లి ఇంట్లో శ్రావణి గోడవారగా చాప పరిచి, గోడను వేలి కణుపుతో రెండు దెబ్బలు తట్టి, పిల్లను పడుకోబెట్టింది. తనకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఆదివారం ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. పుష్పలత కొత్త చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. సతీష్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆటో ఎక్కమని అత్త పిల్ల చెయ్యి పట్టుకోబోతే, శ్రావణి పిల్లను తన వెనక్కి లాక్కుంది.

"అమ్మ చెప్తాంది గదా," అని సతీష్ సణిగాడు. "చిన్న చురకనే. రెండు దినాలల్ల మానిపోతది."

"అయితే ముందు నీ చెయ్యి పెట్టు. మానినంక పిల్ల సంగతి చూద్దాం."

సతీష్ చెయ్యి తెలియకుండానే జేబులోకి పోయింది. కోడలు ఎన్నడూ అలా మాట్లాడి ఎరగని పుష్పలత, పిచ్చోడి వంశానికి పొగరు కూడానా అని అందుకుంది. శ్రావణి మాట్లాడకుండా వంటింటి మూలకు నడిచింది. కొత్త కుండ కింద పోసిన ఇసుక తడిసి ముద్దయి ఉంది. నీళ్ళు గడప దాకా పాకాయి.

"అత్తమ్మా, ఈ కుండను నువ్వే కొట్టి చూసి తెచ్చినవు. నీ అంత మంచిగ కుండ చూసేటోళ్ళు ఈ గల్లీల లేరు. అయినా కారుతాంది. నిన్ను ఎవరన్న పిచ్చిదన్నరా?"

పుష్పలత కుండ వైపు చూసింది.

"మా తాత గూడ కొట్టి చూసిండు. మంచిగున్నదన్నడు. కప్పు కూలి సొంత తమ్ముడు పోయిండు. నీకు కుండ పోయింది, ఆయనకు తమ్ముడు పోయిండు. ఇంకెవ్వరికి గట్ల కావద్దని గంట చేసిండు. అది చెడిపోయింది. చెడిపోతే పిచ్చోడా? ఆయన కొట్టి చూసినంకనే లోపటికి పోయి, బతికి ఇంటికొచ్చి అన్నం తిన్నోళ్ళే ఆయనకు ఆ పేరు పెట్టిన్రు. ఆ పేరు చూసి నా బిడ్డను కాలుస్తరా?"

బయట ఆటో అతను హారన్ కొట్టి ఊరుకున్నాడు.

పుష్పలత గొంతు తగ్గించి అడిగింది. సరే, ముసలాయన కథ అదే అనుకుందాం. ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు పుట్టిన పిల్లకు ఆ గోడలు కొట్టుడు ఎక్కడి నుంచి వచ్చింది? రక్తంలో నుంచి కాకపోతే ఎవరు నేర్పారు?

శ్రావణి పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పాత భయం మళ్ళీ తల ఎత్తింది.

"అమ్మనే," అంది లిఖిత, తల్లి కొంగు చాటు నుంచి. "దినాం నన్ను పండబెట్టేముందు అమ్మ గోడ కొడ్తది కదా. నిన్న అమ్మమ్మ ఇంట్ల గూడ కొట్టింది."

శ్రావణి తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. వేలి కణుపు మీద సున్నం అంటి ఉంది. తాత ఇంట్లో పడుకున్న రోజుల్లో ఆయన తనను చంకలో ఎత్తుకుని, ఇంకో చేత్తో గోడను తట్టి విని, అప్పుడు గాని చాప మీద దించేవాడు కాదు. ఆ చెయ్యి ఆగిపోయాక తన చెయ్యి ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. పిల్లకు వచ్చింది పిచ్చి కాదు. మీద ఏదీ పడకూడదని ఒక మనిషి పడ్డ దిగులు. శ్రావణి అక్కడే కూలబడి ఏడ్చింది.

సతీష్ బయటికి వెళ్ళి ఆటోను పంపించేశాడు. ఈసారి డ్యూటీ మాట ఎత్తలేదు. తిరిగి వచ్చి, చెల్లెలి ఇంటి గోడను రేపు మేస్త్రీతో చూపిస్తానని, ఎవరికి చెప్తున్నాడో తెలియకుండా చెప్పాడు.

పుష్పలత కుండలో మిగిలిన నీళ్ళు బకెట్లోకి వంచింది. ఖాళీ కుండను తెచ్చి మనవరాలి ముందు పెట్టింది. లిఖిత నానమ్మ ముఖం చూసి, చెయ్యి ముడుచుకుంది.

"ఏమనను. కొట్టు," అంది పుష్పలత.

పిల్ల మెల్లగా కొట్టి, చెవి ఆనించింది. మళ్ళీ కొట్టింది. కనుబొమలు ముడిచింది.

"మంచిగనే మోగుతాంది నానమ్మా. మరి ఎందుకు కారింది?"

పుష్పలత కుండ అడుగున తడి చోటును చీర చెంగుతో తుడిచింది. ఏడుస్తున్న కోడలి వైపు ఒకసారి చూసింది.

"గట్లనే అయితది బిడ్డా, ఒక్కోపారి," అంది. "కొట్టి చూసినోళ్ళ తప్పు గాదు."