ఒక్క బ్లాక్ తేడా

"ఇదేంటి, ఓడ మధ్యలో గడప కట్టావా?" అంది టీగన్.

"గడపా? ఎక్కడ?" ఫెర్గస్ తెర మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

మూడు నెలలుగా ఇద్దరూ కలిసి కట్టిన ఓడ అది. విక్టోరియా రాణి కాలం నాటి ప్రయాణికుల ఆవిరి ఓడ, పేరు సదరన్ గ్రేస్. అలాంటి ఓడ ఏ రేవులోనూ, ఏనాడూ లేదు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆల్బనీ ఊరి లైబ్రరీకి గురువారం సాయంత్రాలు గేమ్ క్లబ్బుకని వచ్చే ఈ ఇద్దరి బుర్రల్లో తప్ప. బ్లాక్ మీద బ్లాక్ పేర్చి ఏం కావాలంటే అది కట్టుకునే కంప్యూటర్ ఆటలో అందరూ కోటలు కడుతుంటే, వీళ్ళు ఓడ కడతామని కూర్చున్నారు.

ముక్కు నుంచి నడుము దాకా ఫెర్గస్ తన ఇంట్లో కట్టాడు. తోక నుంచి నడుము దాకా టీగన్ తన ఇంట్లో కట్టింది. ఇవాళ లైబ్రేరియన్ నోలీన్ రెండు సగాలనూ ఒకచోట అతికించింది. అతికించగానే బండారం బయటపడింది. ఓడ మీద మనుషులు నడిచే పైతలం, అదే డెక్కు, టీగన్‌ది ఒక బ్లాక్ పైన, ఫెర్గస్‌ది ఒక బ్లాక్ కింద. ఆ ఆటలో బ్లాక్ అంటే మనిషి నడుమంత ఎత్తు.

"డెక్కు ఆరో బ్లాక్ మీద అనుకున్నాం కదా!" అంది టీగన్.

"ఆరో బ్లాకే. నీళ్ళ నుంచి లెక్కెట్టుకో."

"నీళ్ళ పైనుంచి కదా లెక్క! నీళ్ళని కూడా కలుపుతారా ఎవరైనా?"

"నీళ్ళది కూడా బ్లాకే."

"నువ్వు చేసేది ఇళ్ళకి రేకులేసే పని. ఇంటి ఎత్తు కొలిచేటప్పుడు నేలని కూడా కలిపి కొలుస్తావా?"

"నువ్వు చేసేది బోటు మీద పని. ఓడ సగం నీళ్ళలోనే ఉంటుందని నీకు తెలీదా?"

టీగన్ పనిచేసేది తిమింగలాలు చూపించే బోటు మీద. టికెట్లు చింపుతుంది, కెరటాలకి కడుపులో తిప్పినవాళ్ళకి సంచులందిస్తుంది, వాళ్ళ వీపు నిమురుతుంది. అందుకే ఓడ అనగానే ఆమెకి ముందు గుర్తొచ్చేది లోపల కూర్చునే మనుషులు. ఫెర్గస్‌కేమో పైకప్పు, వంపు, అతుకు. ఇద్దరిలో ఎవరి పిచ్చి వాళ్ళది.

"ఎవరో ఒకరు దిగాలి, లేదా ఎక్కాలి," అంది నోలీన్ కళ్ళజోడు తుడుచుకుంటూ. "మన క్లబ్బు రూలు తెలుసుగా? ఎవరి బ్లాకులు వాళ్ళే పగలగొట్టుకోవాలి. ఆదివారం ఊరంతా వస్తుంది, గోడంత తెర మీద మీ ఓడ చూపించాలి. తర్వాత మీ ఇష్టం."

"నేను దించితే మూడో తరగతి ప్రయాణికుల కిటికీలు నీళ్ళలో మునుగుతాయి," అంది టీగన్.

"నేను లేపితే ముక్కు వంపు పాడవుతుంది. అది కుదరడానికి నాకు నెల పట్టింది."

"వంపు, వంపు! నువ్వు కట్టింది ఓడ కాదు బాబూ, పోస్ట్‌కార్డు."

"నీ గదులకేంలే! లోపల ఎవరు చూస్తారు?"

మాట నోరు దాటాక గానీ దాని బరువు తెలియలేదు ఫెర్గస్‌కి. టీగన్ జవాబు చెప్పలేదు. దానికే భయం వేసింది అతనికి. జవాబు చెప్పని టీగన్‌ని అతను అంతవరకూ చూడలేదు. ఆమె లేచి, పసుపు రంగు వానకోటు తొడుక్కుని గుండీలు పెట్టుకుంది.

"ఆదివారం వస్తావుగా?" అన్నాడు మెల్లగా.

"నా సగం వస్తుంది. నేనెందుకు? లోపల ఎవరు చూస్తారు?"

తలుపు తీయగానే వాన అడ్డంగా లోపలికి కొట్టింది. ఆల్బనీలో వాన పైనుంచి పడదు, పక్క నుంచి వస్తుంది. పసుపు కోటు యార్క్ స్ట్రీట్ దిగువకి వెళ్ళి, మలుపు తిరిగిపోయింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిది," అంది నోలీన్. "రేకుకి మేకు దిగేసినట్టు దిగేశావు నాయనా."

"అలా అనాలని కాదు నోలీన్..."

"ఆ పిల్లంటే నీకు ఇష్టమని నాకు తెలుసు, ఈ లైబ్రరీలో కుర్చీలకి కూడా తెలుసు. ఆ పిల్ల కట్టింది మాత్రం మూడు నెలల్లో ఒక్కసారైనా లోపలికెళ్ళి చూశావా?"

చూడలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గేసి, ఫెర్గస్ తన ఎర్ర ఉన్నిటోపీని చెవుల మీదికి లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

టీగన్ సగంలోకి మెట్లు దిగాడు. మొదటి తరగతి భోజనశాల, పియానో, అద్దాలు. అవి ఎవరైనా పెడతారు. ఇంకా కిందికి దిగాడు. మూడో తరగతి. వరసగా ఇరుకు పడకలు. ప్రతి పడక పక్కనా ఒక లాంతరు. ప్రతి నాలుగు పడకలకీ ఒక కిటికీ, సరిగ్గా పడుకున్నవాళ్ళ కళ్ళకి సముద్రం అందే ఎత్తులో. ఒక మూల ఉయ్యాల. వంటింట్లో పొయ్యి పక్కన వెచ్చగా ముడుచుకున్న పిల్లి. ఇక్కడెవరికీ కడుపులో తిప్పదు అనిపించింది అతనికి. ఆమె ఒక్కొక్కరి వీపూ నిమిరి మరీ కట్టింది.

చివరికి ఇంజిన్ గది. బాయిలర్ల ఎర్రటి వెలుగులో ఒక బొమ్మ మనిషి నిలబడి ఉన్నాడు. నెత్తిన ఎర్ర ఉన్నిటోపీ. ఓడ మొత్తాన్నీ నడిపించే చోట వాడొక్కడే ఉన్నాడు.

ఫెర్గస్‌కి కళ్ళు చెమర్చాయి. చెంప మీద కొట్టినా అంత బాధ పడేవాడు కాదు.

ఆ శుక్రవారమూ శనివారమూ వాన తెరిపివ్వలేదు. వానలో రేకుల పని ఉండదు. ఇంట్లో కూర్చుని ఫెర్గస్ తన సగం విప్పేశాడు. డెక్కుని ఒక బ్లాక్ పైకెత్తి, కింద నుంచి మళ్ళీ పేర్చుకొచ్చాడు. తను నెలరోజులు దిద్దుకున్న ముక్కు వంపు కాస్తా దవడ వాచినట్టు తయారైంది. ఆమె కిటికీలు గుర్తొచ్చి, అయితే ఏమైంది అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్న లైబ్రరీకి వెళ్ళేసరికి పసుపు కోటు అక్కడే ఉంది.

"రానన్నావు?" అన్నాడు ఆనందం దాచుకోలేక.

"గాలికి బోటు ఆపేశారు. ఊరికే వచ్చాను," అంది టీగన్ కిటికీలోంచి బయటికి చూస్తూ. కిటికీలో చూడ్డానికి వాన తప్ప ఏమీ లేదు.

నోలీన్ ఇద్దరి దగ్గరా సగాలు తీసుకుని మళ్ళీ అతికించింది. తెర వైపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇదేం విడ్డూరం? మళ్ళీ గడప!"

ఈసారి తిరగబడింది. ఫెర్గస్ డెక్కు పైన, టీగన్ డెక్కు కింద.

"నువ్వు లేపావా?" అంది టీగన్.

"నువ్వు దించావా?" అన్నాడు ఫెర్గస్.

"వంపు పాడవుతుందన్నావు కదా!"

"పాడైంది, చూడు. మరి నీ కిటికీలు?"

"మునిగాయి. సగానికి కోసి పైకప్పు కింద పెట్టాను. పడుకుంటే ఆకాశం కనిపిస్తుంది, అంతే."

"ఎందుకు దించావు టీగన్?"

"నువ్వెందుకు లేపావో ముందు అది చెప్పు."

నోలీన్‌కి నవ్వు ఆగలేదు. బల్ల పట్టుకుని నవ్వింది. "మొన్న ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. ఇవాళ ఇద్దరూ తగ్గారు. మీతో ఎలా వేగాలి? జనం గుమ్మంలో గొడుగులు దులుపుతున్నారు, ఏం చేస్తారో చెయ్యండి!"

మళ్ళీ విప్పే వ్యవధి లేదు. ఇద్దరూ పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఆ తేడా పొడవునా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఫెర్గస్ మెట్లు పేర్చాడు. ఎక్కేవాళ్ళు తూలకుండా టీగన్ కమ్మీ పెట్టింది. ఆమె మోచెయ్యి తగిలినప్పుడల్లా అతను ఒక మెట్టు తప్పుగా పెట్టాడు.

హాలు నిండింది. గోడ మీద సదరన్ గ్రేస్ వెలిగింది. జనం అబ్బో అన్నారు. ముందు వరసలో ఒక ముసలావిడ మాత్రం, "ముక్కు కొంచెం వాచినట్టుందే?" అంది.

"వాచింది," అన్నాడు ఫెర్గస్ మైకులో. "ముందు సగం నేను కట్టాను, అంతా పైపై సోకే. దాని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఓడంటే లోపలే. అది టీగన్ కట్టింది. అది చూడకుండా లోపల ఎవరు చూస్తారని ఒక వెధవ అన్నాడు. రండి, చూద్దాం."

గోడకి ఆనుకుని నిలబడ్డ టీగన్ తల దించుకుంది.

భోజనశాల చూపించాడు. పడకలు చూపించాడు, లాంతర్లు చూపించాడు. సగానికి తెగిన కిటికీల దగ్గర ఆగి, ఇవి నావల్లే తెగాయని చెప్పాడు. పిల్లి దగ్గర అందరూ నవ్వారు. ఆఖరికి ఇంజిన్ గదిలోకి దిగాడు. దిగి, మౌస్ వదిలేశాడు.

ఎర్రటోపీ మనిషి ఇప్పుడు ఒంటరిగా లేడు. పక్కనే పసుపు కోటు వేసుకున్న బొమ్మ ఒకటి, బాయిలర్ వెచ్చదనానికి దగ్గరగా జరిగి నిలబడి ఉంది.

"వాళ్ళెవరు బాబూ?" అంది ముసలావిడ.

"ఎర్రటోపీ నేనేనండీ." తన నెత్తిన టోపీ ఉందని అప్పుడు గుర్తొచ్చింది అతనికి. హాలంతా టోపీ వంక చూసి, మెడలు తిప్పి గోడ దగ్గరున్న పసుపు కోటు వంక చూసింది. ఇక దాచడానికి ఏం మిగల్లేదు. "టీగన్, నువ్వంటే నాకు చాలా ఇష్టం. మొదటి గురువారం నుంచీ. మరి ఆ పసుపు కోటు అమ్మాయి అక్కడికెందుకొచ్చింది?"

టీగన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా జవాబు చెప్పింది.

"బయట గాలిగా ఉందట. గాలి తగ్గేదాకా అక్కడే ఉంటుందట."

"ఆల్బనీలో గాలి ఎప్పుడు తగ్గింది?"

"తగ్గదుగా," అంది టీగన్.