నెమలీ విమానమూ ఒకే ఫ్రేములో

టపాకాయ ఠప్పుమని పేలింది. నెమలి ఎగిరిపోయింది. మణికంఠన్ కెమెరాలో మిగిలింది తోక చివర కాస్తా, బోలెడంత ఆకాశమూ.

పొద్దున్నే విరుదునగర్‌లో రైలెక్కాడు. కోవిల్‌పట్టిలో దిగి బస్సు పట్టుకున్నాడు. బస్సు దిగి నడిచాడు. ఇంత చేసి తుమ్మపొద వెనక పొట్టమీద పడుకున్నది ఈ ఒక్క ఫొటో కోసమే. ముందు నెమలి, వెనక దిగుతున్న విమానం, రెండూ ఒకే ఫ్రేములో. ఊరి బయట విమానం నడపడం నేర్పే చిన్న స్కూలు ఉందనీ, దాని రన్‌వే మీదికి నెమళ్ళు షికారు వస్తాయనీ ఎవరో చెప్పారు. వారమంతా పప్పుమిల్లులో బిల్లులు రాసే మనిషికి ఆ మాట చాలు. తెల్లారినుంచి మబ్బులూ, కొంగలూ, నల్లరేగడి చేలూ బాగానే పడ్డాయి. అసలుది మాత్రం ఇలా తగలడింది.

చొక్కా నిండా ముళ్ళతో లేచి చూస్తే కంచెకి అవతల ఒక పిల్ల. నారింజరంగు కోటు, మెడలో ఈల, చంకలో ఎర్రజెండా, ఒక చేతిలో టపాకాయల సంచి, రెండో చేతిలో వెలుగుతున్న ఊదుబత్తి. యుద్ధానికి పోతూ దారిలో గుడి దగ్గర ఆగిన మనిషిలా ఉంది.

రన్‌వే పక్కన ఇంత అందమైన పిల్ల ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కాస్త మంచి చొక్కా వేసుకొచ్చేవాడు.

అయినా కోపం కోపమే. తమిళనాడులో కొత్తవాళ్ళెవరితోనైనా తమిళమే కదా, తమిళంలోనే అందుకున్నాడు. ప్రాణాలు ఉగ్గబట్టుకుని కాచుకున్న పిట్టను అలా తోలేయడం ఏం మర్యాద అన్నాడు. ఆమె తమిళంలోనే వడ్డీతో సహా తిరిగిచ్చింది. పిట్టల్ని తోలడమే తన ఉద్యోగం. పిట్టా విమానమూ ఒకచోట చేరకుండా చూసేందుకే తనకు జీతం. తోలడం కుదరకపోతే ఎర్రజెండా ఊపాలి. ఊపితే విమానం దిగకుండా పైనే చుట్లు కొడుతుంది. మేనేజరు మొహం మాడుతుంది. ఇంకోసారి జెండా లేస్తే వేరే మనిషిని పెట్టుకుంటానని చెప్పేశాడు కూడా.

అంటే అతను ఏది జరగాలని వచ్చాడో అది జరక్కుండా చూడటమే ఆమె పని. ఇంతకంటే పొసగని జంటను బ్రహ్మదేవుడు కూడా పనిగట్టుకుని కుదర్చలేడు.

ఇంతలో మేకల్ని తోలుకుంటూ, నెత్తిన అన్నం గిన్నెతో ఒక అవ్వ వచ్చింది. ఆ పిల్లకు నాయనమ్మ, పేరు సీనియమ్మాళ్. వచ్చీ రాగానే మణికంఠన్‌ని ఎగాదిగా చూసింది.

"ఎవుడే కాళీశ్వరీ వీడు?" అంది, తెలుగులో.

"ఎవుడో పిచ్చోడవ్వా. నెమిలిని పోటో పట్టేదానికి పాము మాదిరి పొట్టమీద పండుకోనుండాడు."

మణికంఠన్ ఉలిక్కిపడ్డాడు. గడప దాటితే తమిళం, లోపలికొస్తే తెలుగు. అతని ఇంట్లోనూ అదే సంగతి. మాదీ తెలుగేనని చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అవ్వ ఇంకో మాట అంది.

"పిచ్చోడైతే ఏమి, ముక్కు లచ్చణంగా ఉండాది."

తెరిచిన నోరు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అతని ముక్కును మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఇంకా ఏమంటారో వినాలని ఎవరికుండదు? తప్పే. కానీ ఆ తప్పు చేయనివాడికి ముక్కు మీద ఆశ లేనట్టే.

ఆ వైపు వానకు మొహమాటం ఎక్కువ, పిలిచినా రాదు. ఆ రోజు పిలవకుండానే వచ్చి పడింది. ముగ్గురూ, మేకలూ కంచె లోపలి రేకుల షెడ్డులో దూరారు. అవ్వ గిన్నె మూతలో అతనికీ సజ్జసంకటి పెట్టి, పైన పులుసు పోసింది. తింటుండగా తమిళంలో ఊరేది, ఉద్యోగమేది, పెళ్ళయిందా అని ఆరా తీసింది. అతను బుద్ధిగా జవాబులు చెప్పాడు. అవ్వ ఆ సమాచారమంతా మనవరాలికి తెలుగులో ఒప్పజెప్పింది.

"పప్పుమిల్లులో పని అంట. వీణ్ణి కట్టుకునేదానికి సాంబారుకు కరువుండదు."

సంకటి ముద్ద అతని గొంతుకు అడ్డం పడింది. నవ్వును దగ్గుగా మార్చడానికి చాలా అవస్థపడ్డాడు. కాళీశ్వరి ఒకసారి ఓరగా చూసి చెంబుతో నీళ్ళిచ్చింది. తర్వాత తాపీగా అవ్వ వైపు తిరిగింది.

"సాంబారు సరే అవ్వా. నెమిలిని చూసినట్టు నన్ను చూస్తా ఉండాడు. ఆ పోటో మిసను లేకుండా మనుషుల్ని చూసేది వస్తాదేమో కనుక్కో."

అంతే, మణికంఠన్ పని అయిపోయింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మేకల్ని చూస్తూ కూర్చున్నాడు. ఈ పిల్ల జీవితాంతం తనను ఇలాగే ఏడిపించాలనీ, తను సమాధానాలు వెతుక్కుంటూ ఉండాలనీ అతనికి గట్టిగా అనిపించింది. అనిపించి ఏం లాభం? తెలుగు వచ్చునని చెబితే ఇంతసేపూ దొంగచాటుగా విన్నాడని అసహ్యించుకుంటుంది. చెప్పకపోతే మధ్యాహ్నం రైలెక్కి వెళ్ళిపోవాలి. అక్కడ విరుదునగర్‌లో వాళ్ళమ్మ సంబంధం ఒకటి చూసి పెట్టింది, ఆ సాయంత్రమే పెళ్ళిచూపులు. ఈ పిల్ల లేని పెళ్ళి తనకెందుకన్నది అతని బాధ.

అప్పుడే ఫోను మోగింది. వాళ్ళమ్మ పంచవర్ణమే.

ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. ఎత్తి, గుట్టు బయటపడకుండా తమిళంలో వస్తున్నానమ్మా అన్నాడు. కన్నకొడుకు తనతో తమిళంలో మాట్లాడటం ఆమె ఎన్నడూ ఎరగదు. పైగా ఇంట్లో రెండు పవర్‌లూములు. వాటి మోతను మించి మాట్లాడి మాట్లాడి గట్టిపడిన గొంతు ఆమెది. స్పీకరు నొక్కాల్సిన పనే లేదు.

"ఏంరా, నాతో అరవం మాట్లాడతాండావు? పోలీసోళ్ళు గాని పట్టుకున్నారా?"

లేదని చెప్పాడు, మళ్ళీ తమిళంలోనే. ఆమెకు అనుమానం పూర్తిగా తీరిపోయింది.

"ఎవురో కొట్టినారు నిన్ను. నాలుగున్నరకు రాహుకాలం రా, దానికి ముందరే పిల్లను చూడల్ల. మూతి వాచిపోయుంటే ఆళ్ళకేమి చెప్పేది?"

షెడ్డులో మేకలు కూడా నమలడం ఆపినట్టు తోచింది అతనికి. "నన్ను ఎవురూ కొట్టలేదుమా" అని తెలుగులో గొణిగి ఫోను పెట్టేశాడు.

అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. కాళీశ్వరి నవ్వలేదు. రైలుకు వేళవుతుందనీ, సార్ ఇక బయలుదేరితే మంచిదనీ చెప్పింది. తెలుగువాడని తెలిశాక కూడా తమిళంలోనే, ఎంతో మర్యాదగా చెప్పింది. అన్నం పెట్టిన చేత్తోనే గడప బయటికి తోసినట్టయింది అతనికి. వాన వెలిసింది. ఆమె జెండా తీసుకుని వెళ్ళిపోయింది.

అతను సంచి భుజాన వేసుకుని కంచె దాటాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ఆకాశంలో విమానం మోత. వెనక్కి తిరిగి చూశాడు.

తడిసిన రన్‌వే ఎండకు తళతళలాడుతోంది. దాని నడిమధ్య నెమలి, పింఛం మొత్తం విప్పి ఆరబెట్టుకుంటోంది. దాని నెత్తిన, దూరంగా, దీపం వెలిగించుకుని దిగుతున్న విమానం. చెయ్యి తనంతట తనే కెమెరాను కంటి దగ్గరికి తెచ్చింది.

ఫ్రేములో ఒక మూల కాళీశ్వరి కనిపించింది. టపాకాయలు తడిసిపోయాయి, ఊదుబత్తి ఆరిపోయింది. ఆమె ఈల వేస్తూ పరిగెత్తుతోంది గానీ చాలా దూరంలో ఉంది. నెమలి లెక్కచేయడం లేదు. ఆమె ఆగి, జెండా వైపు చూసుకుంది. ఏడుపు ఆపుకుంటున్న మొహం అది, లెన్సులో బాగా తెలిసింది.

మణికంఠన్ కెమెరాను తుమ్మకొమ్మకు తగిలించి పరిగెత్తాడు.

నల్లరేగడి బురద ఊరికే పోనివ్వదు. బూట్లకు అడుగడుగునా కిలో మట్టి చేరింది. ఎడమ బూటు అక్కడే ఉండిపోయింది. కంచె సందులోంచి దూరి, చేతులు ఊపుకుంటూ, నోటికొచ్చిన తెలుగంతా అరుచుకుంటూ వెళ్ళి నెమలి మీద పడ్డాడు.

"పో సామీ, పో. నీకు రోజూ కల్యాణమే, నాదిప్పుడు చెడిపోతా ఉండాది."

ఒంటి బూటు మనిషిని నెమలి ఒకసారి చూసింది. పింఛం ముడుచుకుని, ఇంక ఇక్కడ మర్యాద లేదన్నట్టు లేచి కంచె అవతల వాలింది. అతను పక్క గడ్డిలోకి దొర్లాడు. విమానం సుఖంగా దిగింది. జెండా లేవలేదు.

కాళీశ్వరి రొప్పుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది.

"పోటో?" అంది. తెలుగులో అంది, అతనితోనే అంది.

"పోయింది, పోనీ." లేవకుండానే అన్నాడు. "మొదటే చెప్పుండల్ల, తప్పు నాదే. చెప్తే మీరు తిట్టేది నిలిపేస్తారని బయపడినాను. నాకు మీరు కావల్ల. పోటో కాదు."

ఆమె ఆరిపోయిన ఊదుబత్తిని గడ్డిలో పారేసింది.

"మీకు తెలుగు తెలుసని ముద్ద గొంతుకు అడ్డం పడినప్పుడే కనిపెట్టినాను. ఆ మీదట నేను అన్నిందంతా మీకు వినపడల్లనే అన్నాను. పిల్లను చూసేదానికి పోయే మనిషని తెలీదు గదా. అదే నొప్పి."

మణికంఠన్ అక్కడే, ఆ బురదలోనే వాళ్ళమ్మకు ఫోను చేశాడు. సంబంధంవాళ్ళు ఎదురుచూడకముందే కబురు పెట్టి క్షమాపణ అడగమన్నాడు. తను ఇక్కడ ఒక పిల్లను చూశానన్నాడు. తెలుగు వినపడేసరికి పంచవర్ణానికి సగం ప్రాణం లేచొచ్చింది. మిగతా సగంతో ఆ పిల్ల ఏం పని చేస్తుందని అడిగింది. నెమళ్ళను తోలుతుందని చెప్పాడు. అవతల కాస్త ఆలోచన జరిగింది. ఆదివారమైతే చాలు కొడుకు పిట్టల వెంట పడి పోతాడు, వాణ్ణి ఇంటికి తోలుకొచ్చే మనిషి ఒకరు కావాలని ఆమెకెప్పట్నుంచో ఉంది.

"సరి గానీ, ఆ పిల్ల సరే అన్నదారా?"

ఆ మాట రన్‌వే అంతా వినపడింది. మణికంఠన్ కాళీశ్వరి వైపు చూశాడు. ఆమె వంగి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది, చెవి దగ్గర పెట్టుకుంది.

"అన్నానత్తా" అంది.