కెబ్బా రక్తంలో ఒక అక్షరం

ఏజెంట్ కెబ్బాను ఎవరూ కాల్చలేదు. ఎనిమిదేళ్లు అన్నం పెట్టి చంపారు.

బంజుల్ సీక్రెట్ సర్వీస్ డాక్టర్ సిరా, ఏజెంట్ డెంబో ముందుకు రిపోర్టు తోసింది.

"లివర్ క్యాన్సర్. రక్తంలో డీఎన్ఏ చూశాను. ఒక్క అక్షరం మారింది. జి ఉండాల్సిన చోట టి."

"ఒక్క అక్షరానికే మనిషి పోతాడా అక్కా?"

"అది కణాన్ని అదుపులో పెట్టే జీన్ తమ్ముడూ. బూజు పట్టిన వేరుశెనగలో విషం జి మీదే అతుక్కుంటుంది. కణం ఊరుకోదు, చెడిన ముక్క కత్తిరించి కొత్తది పెట్టుకుంటుంది. కానీ రోజూ తింటే ఎన్నని బాగుచేస్తుంది? రిపేరు కాకముందే కాపీ అయిందా, తప్పు నిలిచిపోతుంది. ఆ చోట తప్పు పడ్డ కణానికి ఇక పగ్గాల్లేవు, పెరిగిపోతుంది. అందుకే ఈ విషం తిన్నవాళ్లలో మళ్లీ మళ్లీ అదే అక్షరం."

కెబ్బా మారువేషంలో ఒక విదేశీ ముఠాలో చేరాడు. ఆ ముఠా పరాయి రేవులు తిప్పికొట్టిన బూజు వేరుశెనగను ముద్ద చేసి, మంచి డ్రముల మధ్య దాచి, బడిపిల్లల భోజనానికి తోస్తుంది. ఆరు వందల డ్రములు ఇవాళ తొమ్మిది గంటల ఫెర్రీలో పోతున్నాయి. అన్నిటికీ ఒకే సీలు. అన్నీ ఆపితే నది ఎగువ ఊళ్లలో పిల్లలు పస్తులుంటారు. విషమున్నవేవో తెలిసిన మనిషి, ఇటు సర్వీస్‌కీ అటు ముఠాకీ పనిచేసే డబుల్ ఏజెంట్ యాసిన్ ఒక్కతే.

డెంబో హమాలీ వేషంలో రేవుకి వెళ్లాడు. నల్ల కళ్లద్దాలు, పట్టు గౌను, యాసిన్ వెలిగిపోతోంది.

"హిప్పో ఒడ్డుకొచ్చిందా?" కోడ్ అడిగాడు.

"ఇవాళ నేను వాళ్ల మనిషిని. పోవయ్యా, మూటలు మోసుకో."

ఫెర్రీ హారన్ మోగింది. డెంబో రిపోర్టు ఆమె చేతిలో పెట్టాడు.

"కెబ్బాదా? పాపం. అయితే నాకేంటి?"

"ఎనిమిదేళ్లు ఎవరితో కలిసి తిన్నాడు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. ముఠా బాస్ ఇంట్లో రోజూ మధ్యాహ్నం వేరుశెనగ పులుసు, అన్నం. చుట్టూ కూర్చుని అందరూ ఒకే గిన్నెలో చెయ్యి పెట్టేవాళ్లు. కెబ్బా ఆమె పక్కనే కూర్చునేవాడు. బాస్ మాత్రం కడుపు బాగాలేదని వేరే తినేవాడు.

"దొంగముండాకొడుకు! ఒక్కనాడూ మాతో తినలేదు!" యాసిన్ రిపోర్టు నలిపేసింది. "మూత లోపల నీలం చుక్క ఉంటుంది. తొందరగా పో!"

ఫెర్రీ తాడు విప్పుతున్నవాడి మీదికి డెంబో అమాంతం దూకాడు. ఫెర్రీ ఆగింది. మూతలు లేచాయి. నీలం చుక్కలున్నవి నూట నలభై దిగాయి. మిగిలిన డ్రములతో ఫెర్రీ కదిలింది.

బేడీలు వేస్తుంటే యాసిన్ అతని చొక్కా పట్టుకుంది.

"డెంబో, నా రక్తం కూడా చూస్తారా?"

అతనికి నిజంగానే జాలేసింది.

"ఇవాళే చూస్తారు."

"నేను బతికే దారుందంటావా?"

"నీ కణాలు ఇన్నేళ్లూ రిపేరు చేస్తూనే ఉండుంటాయి, యాసిన్. అవి నీలా రెండు వైపులా పనిచెయ్యవు."