రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ

షెడ్డులో సుత్తి చప్పుడు ఠక్కున ఆగిపోయింది! వంటింట్లో కుక్కర్ పొయ్యి మీద పెట్టి మంట వెలిగించిన లిడియా, చేతులు చెంగుకు తుడుచుకుంటూ పెరట్లోకి పరుగెత్తింది. షెడ్డు తలుపు తోసి చూస్తే ఏముంది... భర్త కరుణాకర్ వణికిపోతున్న కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా దిమ్మ మీద రాగిరేకు తల! పొడుగాటి మెడ, అరమూసిన కళ్లు వచ్చాయి గానీ బుగ్గలింకా తేలలేదు.

"చెయ్యి కుదుటపడిందేమో అనుకున్నానే... నావల్ల కావట్లేదు లిడియా!" అన్నాడు.

"ఊరుకోండి! అత్తయ్య వింటారు!" అంటూ తలుపు గడియ పెట్టింది లిడియా.

అసలు భయం ఆ వినడంతోనే కదా! అత్తగారు ప్రేమమ్మ వరండాలో మంచం మీద కూర్చుని, చప్పుడును బట్టే పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేస్తుంది. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ... అది మామగారు జయరావు పెట్టిన వరస. నల్లపాడులో ఈ షెడ్డు వేసి, రేకును ముఖంగా మలచడం కొడుక్కి నేర్పి కన్నుమూశాడాయన. "ఈ సుత్తి ఇంటి మగపిల్లాడి చేతిలోనే ఉండాలి. వాడి చెయ్యి ఆగిననాడు షెడ్డుకి తాళమే!" అని ప్రేమమ్మ ఎన్నిసార్లు అందో! కరుణాకర్ చేతి నరం దెబ్బతిని మూడు నెలలైంది. ఆ మూడు నెలలూ అత్తగారికి తెలియకుండా, అదే వరసలో, లిడియాయే కొడుతోంది. పద్దెనిమిదేళ్లు భర్త పక్కన కూర్చుని రేకు కాల్చి అందించిన మనిషికి పని రాకుండా ఎలా ఉంటుంది? ఇవాళ మధ్యాహ్నం చీరాల హోటలాయన తన హాల్లో అలంకరణకని చెప్పిన పన్నెండు తలలూ తీసుకెళ్లడానికి వస్తాడు. ఇదే ఆఖరుది.

లిడియా సుత్తి అందుకుంది. రెండు చిన్నవి... ఒకటి పెద్దది. 'ప్రభువా, ఇందాక చప్పుడు ఆగడం అత్తయ్య గమనించకుండా ఉంటే చాలు!' ఒక్కో దెబ్బకీ ఒక్కో ప్రార్థన. ఇంతలో కుక్కర్ కూసింది. సుత్తి పడేసి ఒక్క పరుగున వెళ్లి, మంట తగ్గించి, రొప్పుతూ తిరిగొచ్చి, గడియ పెట్టి మళ్లీ కూర్చుంది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, తలుపు అవతల చేతికర్ర చప్పుడు!

"తలుపు తియ్యి, లిడియా!"

గడియ తీస్తూనే లిడియా అత్తగారి కాళ్ల మీద పడిపోయింది. "తప్పు నాదే అత్తయ్యా! ఆయన్నేమీ అనకండి... తాళం మాత్రం వెయ్యొద్దు!"

"లేవే, ముందు లే!" ప్రేమమ్మ రాగి తలను దగ్గరకు తీసుకుని బొటనవేలితో బుగ్గ తడిమింది. "నాకు ఎప్పుడో తెలుసు. వరస బాగానే పట్టావు. కానీ నా కొడుకు సుత్తి పట్టాడంటే నెత్తిన పిడుగు పడ్డా వాడికి వినపడదు. ఈ మూడు నెలల నుంచీ కుక్కర్ కూసినప్పుడల్లా సుత్తి ఆగుతోంది!"

లిడియా లేచి నిలబడింది. కరుణాకర్ తలెత్తలేకపోయాడు.

"మరి... ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదు అత్తయ్యా?"

"ఏ మొహంతో అడగనే! తాళమని నోరు పారేసుకుంది నేను. చప్పుడు వినపడుతోంది, చాల్లే అని ఊరుకున్నా. నువ్వు పొయ్యికీ షెడ్డుకీ మధ్య ఉరుకులు పెడుతుంటే మంచం మీద కూర్చుని విన్నానే... ఆ పాపం నాదే తల్లీ!" ఆవిడ వంగి సుత్తి తీసింది. "హోటలాయన రానీ. ఇవి నా కోడలు చేసినవని నేనే చెప్తా. ఒరేయ్ కరుణా, ఏడుపు ఆపి దానికి రేకు పట్టుకో! ఈ ఎడమ బుగ్గ ఇంకా పల్లంగానే ఉంది."

సుత్తి కోడలి చేతిలో పెట్టి, కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయింది.

లిడియా కళ్లు తుడుచుకుని కూర్చుంది. రెండు చిన్నవి... ఒకటి పెద్దది... అంతలో కుక్కర్ మళ్లీ కూసింది! అలవాటు కొద్దీ లేవబోయింది.

"నేనున్నాగా ఇక్కడ!" వంటింట్లోంచి ప్రేమమ్మ కేక పెట్టింది. "నువ్వు కొట్టవే!"