రాను అన్నవారి దారి

"గిది ఆట గాదు, కూలిపని. పది తోడేళ్ల తోళ్లు తెమ్మంటివి, తెచ్చిన. ఇగ కూలి ఇయ్యి, పోత."

నారాయణఖేడ్ బస్టాండు వెనుక వీధిలో, మేడమీది తన చిన్న గదిలో కూర్చుని, స్టాన్లీ ఆ మాటలను రెండుమార్లు చదివాడు. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ నడిపే తెలుగు ఆన్‌లైన్ గేమ్‌కు అతడు క్వెస్టులు రాస్తాడు. కోటలూ అడవులూ మారువేషాల రాజులూ నిండిన ఆ లోకంలో, ఆడేవారు ఏం వెతకాలో, ఎవరిని కలవాలో, చివరకు ఏం సాధించాలో నిర్ణయించడం అతని ఉద్యోగం. ఇంగ్లీషులో ఎం.ఏ. చదివినవాడు కనుక విమర్శను హుందాగా స్వీకరించడం తనకు తెలుసునని అతని నమ్మకం. అయితే ఈ విమర్శలో హుందాతనమన్నది మచ్చుకైనా లేదు. రాసినవారి పేరు ఉండవలసిన చోట 'కందిచేను' అని ఉంది.

అతడు బిగుసుకుని జవాబు రాశాడు. శ్రమ లేని సాహసానికి విలువ ఉండదని, ఓపిక లేనివారికి ఈ ఆట తగదని, చాలా సభ్యమైన వాక్యాలలో తెలియజేశాడు. ప్రత్యుత్తరం వెంటనే వచ్చింది. శ్రమ సంగతి తనకు నేర్పనక్కరలేదట. ఆ తోళ్లు ఎవరికి కావాలో, ఎందుకు కావాలో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంకో పది తెచ్చేదట.

"తెచ్చుడు కష్టం గాదు. ఎవరికోసం తెస్తున్నమో తెల్వకపోవుడు కష్టం."

ఆ పూట స్టాన్లీ సరిగా భోంచేయలేదు. తల్లి సంతోషమ్మ ఏమైందని అడిగితే వంకాయ చేదుగా ఉందన్నాడు.

కొన్నాళ్లు వాదన అలాగే సాగింది. ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన మొదలైంది. వాదన మంచి రసకందాయంలో ఉండగా, 'వాన దంచుతుంది, యూరియా బస్తాలు తడుస్తయి, మల్లొస్త' అని కందిచేను మాయమైంది. కిటికీ మూయడానికి లేచిన స్టాన్లీ వీధిలోకి చూశాడు. ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణం ముందు ఒక అమ్మాయి, ఫోనును నోట కరచుకుని, బస్తాలమీద ఒంటరిగా టార్పాలిన్ పట్టా కప్పుతోంది. ఒక కొస కప్పితే గాలి రెండో కొస ఎత్తుకుపోతోంది.

అతడు మెట్లు దిగి పరుగెత్తి రెండో కొస పట్టుకున్నాడు. వాన ఇద్దరినీ సమానంగా తడిపింది. ఆమె ఫోను నోటినుంచి తీసేదాకా ఆగి, కందిచేను మీరేనా అని అడిగాడు.

ఆమె అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "తోడేళ్ల సార్‌వు నువ్వేనా? చూస్తే మంచిగనే ఉన్నవ్ గదా, మరి గంత బోరుగ ఎందుకు రాస్తవ్?"

పేరు షైనీ. ఆ దుకాణంలో బిల్లులు రాస్తుంది. కల్హేర్ నుంచి ఉదయం బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో వెళుతుంది. కల్హేర్‌లో ఆమె తండ్రి హనోకుకు కందిచేను ఉంది, ఆటలో పెట్టుకున్న పేరు అక్కడిదే.

ఆనాటినుంచి స్టాన్లీ వీధి దాటడం నేర్చుకున్నాడు. గిరాకీ పలచబడే మధ్యాహ్నపు వేళల్లో, బస్తాల మీద కూర్చుని, క్వెస్టును ఆనందదాయకం చేసేదేమిటన్న విషయంపై అతడు పెద్ద పుస్తకాల మాటలు చెప్పేవాడు. ఆమె వేరుశనగకాయలు ఒలుచుకుంటూ వాటిని ఒక్కొక్కటిగా కొట్టివేసేది. బహుమతి పెద్దదైతే ఆనందం పెద్దదవుతుందని అతడంటే, బహుమతి అంగట్లో అమ్ముకునేందుకే తప్ప ఎందుకూ గుర్తుండదని ఆమె అనేది. వెళ్లవలసిన చోటికి తెరమీద బాణం గీసి చూపడం ఆమెకు బొత్తిగా గిట్టదు. బోరంచ జాతరకు పోయేవాళ్లకు ఎవరు బాణం గీశారట? అడుక్కుంటూ, తప్పిపోతూ, తప్పిపోయిన చోట ఏదో ఒక వింత చూస్తూ పోవడంలోనే సరదా ఉందట.

ఆమె మాట విని అతడు ఒక క్వెస్టు రాశాడు. మేకమెడలోని గంట పోగొట్టుకున్న ముసలమ్మ ఒకతె గుడిసె ముందు ఎదురుచూస్తుంటుంది. గంట కోసం ఎవరిని అడిగినా తలా ఒక దారి చెబుతారు. గంట తెచ్చి ఇస్తే ముసలమ్మ ఏ నిధీ ఇవ్వదు. మేకను పేరుపెట్టి పిలుస్తుంది, అది ఎక్కడినుంచో గెంతుకుంటూ వస్తుంది. అంతే. ఆ క్వెస్టుకు వచ్చినన్ని మెచ్చుకోళ్లు ఆ గేమ్‌లో మరి దేనికీ రాలేదు.

షైనీ మాత్రం, "గిప్పుడు ఆటైంది" అని ఊరుకుంది. అంటూ ఒలిచిన గింజలు గుప్పెడు అతని చేతిలో పోసింది. స్టాన్లీ వాటిని తినకుండా చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. ఆమె అది గమనించి, అవి విత్తనాలు కావు, తినవచ్చునని చెప్పింది.

వానలు తగ్గుముఖం పట్టేసరికి జహీరాబాద్ నుంచి షైనీకి సంబంధం వచ్చింది. ఇంట్లో అందరూ ఆమెను నీకు ఇష్టమేనా అని అడిగారట. ఆమె నోరు తెరిచేలోగానే మేనత్త మిఠాయి పంచిందట. ఈ సంగతి ఆమె నవ్వుతూనే చెప్పింది. చెప్పి, అతని ముఖం వంక చూసింది. అతడేదో అంటాడని చూసిందని మూర్ఖుడికైనా తెలిసేది. స్టాన్లీ మాత్రం, నోటితో చెప్పలేనిదానిని రాసి చూపగలననుకున్నాడు.

వరుసగా కొన్ని రోజులు గదిలోంచి కదలకుండా, ఒక్క ఆటగత్తె కోసమే ఒక క్వెస్టు రాశాడు. అందులో బాణాలు లేవు. ఎరువుల దుకాణం ఉంది, వాన ఉంది, ఎగిరిపోయే పట్టా ఉంది. దారి చివర దీపాలు వెలిగించిన ఒక ఇల్లు. గుమ్మంలో ద్వారపాలకుడు అడుగుతాడు: 'ఈ ఇంటికి వస్తావా?' కింద రెండు జవాబులు. వస్తాను. రాను.

క్వెస్టులు రాసేవారి పనిలో ఒక అలవాటు ఉంది. రెండు జవాబులు ఇచ్చి, రెండింటినీ కొంచెం దూరంలో ఒకే దారిలో కలిపేస్తారు. దానివల్ల సగం పని తగ్గుతుంది; ఆడేవారిలో చాలామంది కనిపెట్టరు. స్టాన్లీ కూడా అదే చేశాడు. వ్యవధి లేక చేశానని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి ఆమె రాను అంటే ఏమవుతుందో రాయడానికి అతనికి చేయి రాలేదు.

మరునాడు మధ్యాహ్నం అతడు వీధి దాటేసరికి షైనీ బిల్లు పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ఆడిన" అంది.

ఏమనుకున్నావని అడిగాడు.

"రాను అని కొట్టిన. నీ వాచ్‌మన్ నవ్విండు. నీ మనసు నాకు తెలుసు అని తలుపు తీసిండు. మల్ల కొట్టిన. సిగ్గుపడుతున్నవా అన్నడు. మల్ల గదే ఇల్లు."

అది కేవలం పనిలో అలవాటని, నువ్వు వస్తానంటావని అనుకున్నానని స్టాన్లీ తడబడ్డాడు.

"వస్తననే అందామని కూసున్న. అందుకే ముందుగాల రానని కొట్టిన."

"గదేంది?" అన్నాడు స్టాన్లీ.

"రానంటే ఊకునే ఇల్లేనా అని చూసిన."

ఆ తరువాత ఒక రైతు డీఏపీ ఎరువు కోసం వచ్చాడు. ఆమె లేచి బస్తాలు చూపించడానికి వెళ్లింది. స్టాన్లీ తన గదికి తిరిగి వెళ్లాడు.

కల్హేర్ చర్చిలో వరుస ఆదివారాలు షైనీ పెళ్లి ప్రకటన చదివారు. ఆచారం ప్రకారం పాస్టరు వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవారు తెలుపవచ్చునంటాడు, ఎవరూ తెలుపరు, ఆమేన్ చెప్పి తరువాతి పాటకు వెళతాడు. సంగతంతా విన్న సంతోషమ్మ కొడుకును కూర్చోబెట్టి, ఆ పిల్లంటే తనకు ఇష్టమేనని, చివరి ప్రకటననాడు కల్హేర్ పోయి, నలుగురిలో లేచి నిలబడి చెప్పమని ధైర్యం చెప్పింది.

అతడు వెళ్లాడు. వెనుక వరుసలో కూర్చున్నాడు. పాస్టరు పేర్లు చదివి, ఈ వివాహమునకు ఎవరికైనను అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలుపవలెనన్నాడు. స్టాన్లీ ముందు బల్ల పట్టుకుని సగం లేచాడు.

"నాకున్నది, పాస్టర్ గారూ."

గొంతు ఆడవారి వైపునుంచి వచ్చింది. షైనీ నిలబడి ఉంది. పెళ్లికూతురే అభ్యంతరం చెబితే ఏం చేయాలో పాస్టరుకు తెలియక చేతిలోని కాగితం వైపు చూశాడు. హనోకు కూతురివైపు తిరిగి, తరువాత చర్చిలో నిలబడి ఉన్న రెండో మనిషిని చూశాడు. అందరూ చూశారు.

"గీ పోరనికోసమా?" అని అడిగాడు హనోకు.

షైనీ కూడా స్టాన్లీ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి కొంత ఆశ మిగిలేది.

"కాదు నాయినా. ఎవ్వరికోసం గాదు. నాకు వద్దు. గంతే."

కూర్చోవాలో నిలబడాలో తెలియక స్టాన్లీ అలాగే ఉండిపోయాడు. చివరకు పక్కనున్న పెద్దమనిషి చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

ఆరాధన ముగిశాక, తన బండి దగ్గర నిలబడి ఉన్న స్టాన్లీ పక్కనుంచే ఆమె నడిచింది. రాను అన్నవారు వెళ్లే దారిని రాస్తున్నానని, ఈసారి నిజంగానే రాస్తున్నానని అతడు చెప్పాడు.

"రాయి. ఎవరికన్న పనికొస్తది."

"నువ్వాడవా?"

"ఇయ్యాల నోటితోనే చెప్పిన. ఇగ ఆటల ఎందుకు?" అని, వెనుదిరిగి చూస్తున్న తండ్రి వైపు నడిచింది.

స్టాన్లీ ఆ దారి రాశాడు. చాలా రోజులు పట్టింది. రాసినదానిని ఎవరో ఒకరు ఆడి సరిచూడాలి, అది నియమం. ఆడవలసిన మనిషి లేదు కనుక తానే ఆడాడు. వానలో నడిచాడు, పట్టా పట్టుకున్నాడు, దీపాల ఇల్లు చేరాడు. ద్వారపాలకుడు అడిగాడు. స్టాన్లీ 'రాను' నొక్కాడు.

ద్వారపాలకుడు నవ్వలేదు. ఎందుకని అడగలేదు. వినయంగా పక్కకు జరిగి, దారి ఇచ్చాడు.