తెలిసినవాళ్ళు లేచి చెప్పాలి

"ఈ పూట రొయ్యల క్రోకెట్లు చల్లారిపోయాయి," అంది పక్క సీట్లో ముసలావిడ, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ.

"చల్లారినా నిమ్మకాయ పిండుకుంటే తినొచ్చు," అన్నాడు లీవెన్ కాలెవార్ట్.

కోడ్ కలిసింది.

బెల్జియంలో ఓస్టెండ్ ఊరి నుంచి తీరం వెంబడి పోయే ట్రామ్ అది. నవంబరు వాన పొద్దుటి నుంచీ వదలకుండా కురుస్తోంది. బోగీ సగానికి పైగా ఖాళీ. తెల్లజుట్టు విగ్గు పెట్టుకుని, ఒళ్ళో ఊలు సంచీతో కూర్చున్న ఆ ముసలావిడ పేరు ఒడీల్ ఫాంటెనెల్. నిజానికి ముసలిదేం కాదు. బ్రస్సెల్స్‌లో గుమ్మానికి బోర్డు లేని ఒక ఆఫీసుకి ఆవిడ అధిపతి. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాటుమాటుగా గోతులు తవ్వి చిన్నవాళ్ళని అందులోకి తోస్తుంటే వాసన పట్టడం ఆ ఆఫీసు పని. లీవెన్ ఆవిడ పంపిన ఏజెంట్.

"టార్గెట్ ఎవరు మేడమ్?"

"ఆర్వెక్స్."

అట్లాంటిక్ అవతలి కంపెనీ. ఆస్పత్రి మిషన్లు నడిపే సాఫ్ట్‌వేర్‌లో సగం వాళ్ళదే. మిగతా సగం మీద ఎప్పట్నుంచో కన్నుంది.

"మీ 'వారధి' గ్రూపు మధ్యాహ్నం డ్రాఫ్టు ఆమోదిస్తోంది కదూ? అందులో తొమ్మిదో సెక్షన్ ఎవరి ద్వారానో ఆర్వెక్సే పెట్టించింది. దానిమీద దొంగచాటు పేటెంటు ఉందని మా అనుమానం. వాళ్ళ మనిషి హార్‌క్రాఫ్ట్ మీ మీటింగు జరిగే హోటల్లోనే దిగాడు. భోజనాల దగ్గర మనకి ఉప్పందించే కాటలిన్ వాడి చేత వాగిస్తుంది. నీ చెవిలో మిషన్ రికార్డు చేస్తుంది."

"వెంటనే మీటింగులో బయట పెట్టేస్తాను."

"వెంటనే నోరు మూసుకు కూర్చుంటావు," అంది ఒడీల్. "డ్రాఫ్టు పాస్ కావాలి. ఇవాళ ఆపితే అది వట్టి ఆలోచన. ఆలోచనకి శిక్ష లేదు. పాసయ్యాక పట్టుకుంటే ఈ ఖండం ఇంతవరకూ చూడనంత జరిమానా."

"కేసు తేలడానికి?"

"పదేళ్ళు పట్టినా పట్టొచ్చు."

"ఆ పదేళ్ళూ ఆస్పత్రులు ఆర్వెక్స్‌కి కప్పం కట్టాలి. చిన్న కంపెనీలు ఈలోగా మూతబడతాయి."

"అది నా డిపార్ట్‌మెంట్ కాదు." ఆవిడ ఊలు సంచీ సర్దుకుంది. "ఇంకో మాట. నువ్వు లేచి నోరు విప్పిన క్షణాన పీట్ ముర్మన్ చచ్చిపోతాడు. వాడంటే నీకు ప్రాణమని నాకు తెలుసు."

తర్వాతి స్టాపులో దిగిపోయింది.

పీట్ ముర్మన్ అంటే లీవెన్ వేసుకున్న వేషం. గెంట్ ఊళ్ళో ఒక బుల్లి కంపెనీ ఇంజనీరు. గడ్డం, అరిగిన స్వెటర్, చెవిటితనం, ఎడమ చెవిలో మిషన్. ఏజెంటుగా వారధిలో అడుగుపెట్టి చాలా ఏళ్ళయింది. ఏ కంపెనీ మిషనయినా ఏ కంపెనీ మిషన్‌తోనయినా మాట్లాడుకోవడానికి అందరికీ కలిపి ఒకే భాష రాసే ఇంజనీర్ల గుంపు అది. అలాంటి భాషని వాళ్ళు స్టాండర్డ్ అంటారు. ఎవడి సొత్తూ కాదు గనక అందరి సొత్తు.

దొంగని పట్టడానికి వచ్చినవాడు ఆ పని నేర్చుకున్నాడు. డ్రాఫ్టులో నాలుగో సెక్షన్ తన చేత్తో తనే రాశాడు. ఏటా పీట్ పుట్టినరోజుకి వాళ్ళు కేకు కోయిస్తారు. లీవెన్ పుట్టినరోజు ఎవరికీ తెలియదు. బ్రస్సెల్స్‌లో అతని ఫ్లాటు బెల్లు మోగి ఎంత కాలమైందో అతనికే గుర్తు లేదు. గ్రూపు చైర్మన్ సీట్స్కే హోక్‌స్ట్రా, ఫ్రీస్‌లాండ్ నుంచి వచ్చిన పెద్దావిడ, పొద్దున్నే కాఫీ దగ్గర చెవిలో అరిచి మరీ చెప్పింది, తను దిగిపోతున్నానని, ఆ కుర్చీ పీట్‌కి ఇప్పించాలనుకుంటున్నానని. అది విని లీవెన్‌కి ఏడుపొచ్చింది. చలి అని సర్దుకున్నాడు.

* * *

హోటల్ డైనింగ్ హాల్లో కాటలిన్ ఎర్రకోటు కనిపించగానే వెయిటర్లు కూడా అడుగు నెమ్మదిగా వేశారు. ఆర్వెక్స్ జీతం మీద బతుకుతూ బ్రస్సెల్స్‌కి వార్తలమ్మే మనిషి. ఎవరి తరఫో ఆమెకైనా తెలుసో లేదో. ఎదురుగా డెస్మండ్ హార్‌క్రాఫ్ట్ ముందు ఆల్చిప్పల గిన్నె పొగలు కక్కుతోంది. పక్క టేబుల్ దగ్గర లీవెన్ చేపల పులుసులో రొట్టె ముంచుకుంటున్నాడు.

"కాస్త మెల్లగా మాట్లాడు," అంది కాటలిన్. "పక్కన మనిషున్నాడు."

"వాడా? ముర్మన్ అని ఒక చెవిటి మాలోకం. వాడి ముందు శంఖం ఊదినా ఒకటే." హార్‌క్రాఫ్ట్ ఆల్చిప్ప పీల్చాడు. "పేటెంటు అర్జీ ఒక డొల్ల కంపెనీ పేరున ఉంది. ఇంకా కొన్నాళ్ళ దాకా ఎవడి కంటా పడదు. ఈలోగా స్టాండర్డ్ అయి కూర్చుంటుంది."

"వాళ్ళకేదో రూలుందిగా, పేటెంటు సంగతి తెలిసినవాళ్ళు లేచి చెప్పాలని?"

"తెలిసినవాడు హాల్లో ఉంటే కదా. మావాడు ఒక్కడూ లోపలికి వెళ్ళడు. నేను కారిడార్లో కాఫీ తాగుతుంటాను."

"మరి లోపల ఒప్పుకునేది ఎవరు?"

"వాళ్ళ దగ్గర ఓట్లుండవు, చేతులెత్తడాలుండవు. అందరూ కళ్ళు మూసుకుని ఊఁ కొడతారు. ఏ ఊఁ గట్టిగా వినబడితే అది నెగ్గినట్టు. రుసుము కట్టినవాడు ఎవడైనా ఊఁ కొట్టొచ్చు. మంచి గొంతులు రెండు బస్సుల నిండా తెచ్చాను."

లీవెన్ పులుసు పూర్తి చేశాడు. రుచి తెలియలేదు.

సముద్రపు గట్టు మీద కాటలిన్ అతన్ని కలిసింది. పక్కన చిన్న సూట్‌కేసు.

"నువ్వు లేస్తావు," అంది. "నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. నువ్వు లేస్తే మాట ఎవరు రాబట్టారో హార్‌క్రాఫ్ట్‌కి అర్థమైపోతుంది. అందుకే రైలెక్కేస్తున్నాను."

"నీ పని పాడు చేస్తున్నాను."

"నాకేం. నాకు పేర్లు బోలెడు. నీకున్నది ఒక్కటి, అదీ నీది కాదు." అతని కాలరు సరిచేసింది. "కూర్చునే ఉండు లీవెన్. వారధివాళ్ళయినా నీకు మిగులుతారు."

స్టేషన్ వైపు వెళ్ళిపోయింది. అసలు పేరు పెట్టి పిలిచే మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరని ఆమె వెళ్ళాక తోచింది.

* * *

హాలు కిటకిటలాడుతోంది. వెనక వరసల నిండా కొత్త మొహాలు. వెన్ను నిటారుగా, పాదాలు నేలకి ఆనించి, పొట్టల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఇంజనీరు అలా కూర్చోగా లీవెన్ ఎప్పుడూ చూడలేదు.

"డ్రాఫ్టు ఇలాగే ఒప్పుకునేవాళ్ళు," అంది సీట్స్కే, "ఊఁ కొట్టండి."

హాలంతా కళ్ళు మూసుకుంది. వెనక వరసల్లోంచి ఊఁకారం లేచింది. కింద మంద్రస్థాయి, మీద మధ్యస్థాయి, ఆ పైన ఆడగొంతులు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు శ్రుతి తప్పకుండా వచ్చింది. ముందు వరసల్లో ఇంజనీర్లు ఒక్కొక్కరే కళ్ళు తెరిచి వెనక్కి తిరిగారు. హార్‌క్రాఫ్ట్ మంచి గొంతులు కావాలని మనుషుల్ని అద్దెకిచ్చే ఏజెన్సీకి చెప్పాడు. ఏజెన్సీవాళ్ళు లియేజ్ నుంచి బృందగానం వాళ్ళని పంపారు.

సీట్స్కే కళ్ళజోడు తుడుచుకుంది. "నా గ్రూపులో శ్రుతి ఉన్నవాడు ఇన్నాళ్ళలో ఒక్కడూ దొరకలేదు. ఇవాళేంటో బస్సులేసుకొచ్చారు." ముందు వరసలు నవ్వాయి. ఆవిడ నవ్వలేదు. "కానీ రూలు రూలే. రుసుము కట్టినవాడి గొంతుని కాదనడానికి లేదు. ఇక కాదనేవాళ్ళు."

ముందు వరసల నుంచి తుమ్మెదలు ముసిరినట్టు ఒక బొంగురు ఊఁ. తొమ్మిదో సెక్షన్ నచ్చనివాళ్ళు చాలామందే ఉన్నారు గానీ అది మొదటిదానికి సగం కూడా లేదు.

ఆవిడ కొయ్య సుత్తి అందుకుంది. "సుత్తి పడేముందు ఆనవాయితీ ప్రకారం అడుగుతున్నాను. ఈ డ్రాఫ్టు మీద ఎవరికైనా పేటెంటు ఉన్నట్టు ఈ హాల్లో తెలిసినవాళ్ళు లేచి చెప్పాలి. తెలిసీ కూర్చున్నవాడు ఇక మన మనిషి కాడు."

లీవెన్ చెవిలో మిషన్ గుసగుసలాడింది. ఒడీల్ గొంతు. "కదలకు."

లేస్తే వీళ్ళ మనిషి కాకుండా పోతాడు. కూర్చుంటే అసలే కాడు. సీట్స్కేకి తెలియకపోయినా తనకి తెలుస్తుంది. ఇంత మంది మధ్య ఇంత ఒంటరిగా అతనికి ఎప్పుడూ అనిపించలేదు. సుత్తి పైకి లేచింది.

అతనూ లేచాడు. మైకు దాకా నడిచాడు.

"పీట్," అని సీట్స్కే గొంతు పెంచింది, "వినబడిందా నాయనా? పే-టెం-టు అన్నాను."

"వినబడింది. మొదట్నుంచీ అన్నీ వినబడుతూనే ఉన్నాయి."

మైకు ముందుకొచ్చినవాడు పేరు చెప్పాకే మాట్లాడాలి. అది వారధిలో మొట్టమొదటి నియమం. దొంగపేరుతో చెప్పిన అభ్యంతరాన్ని ఆర్వెక్స్ వకీళ్ళు ఒక్కపూటలో కొట్టి పారేస్తారు.

"నా పేరు లీవెన్ కాలెవార్ట్," అన్నాడు. "మీలో ఎవరికీ తెలియదు. నేను నిఘా పని మీద వచ్చినవాణ్ణి. చెవుడు అబద్ధం, గెంట్ కంపెనీ అబద్ధం. ఇది మాత్రం నిజం."

చెవిలోంచి మిషన్ తీసి, మీట నొక్కి మైకుకి ఆనించాడు. ఆల్చిప్ప పీల్చుకుంటూ హార్‌క్రాఫ్ట్ గొంతు హాలంతా నిండింది. డొల్ల కంపెనీ, ఎవడి కంటా పడని అర్జీ, రెండు బస్సుల గొంతులు. వెనక వరసల వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని తలలు దించుకున్నారు. కారిడార్లో కప్పు పగిలిన చప్పుడైంది.

సుత్తి పడలేదు. తొమ్మిదో సెక్షన్ తీసేసి మళ్ళీ అడిగితే ముందు వరసల బొంగురు ఊఁతోనే డ్రాఫ్టు నెగ్గింది. బృందగానం నోరు మెదపలేదు. వాళ్ళకిచ్చిన అద్దె ఒక్క ఊఁకే.

హాలు ఖాళీ అవుతుంటే సీట్స్కే అతని దగ్గరికొచ్చింది. అలవాటు ప్రకారం ఎడమ చెవి వైపు వంగి, అరవబోయి ఆగిపోయింది.

"ఇన్నేళ్ళూ నీ కోసం గొంతు చించుకున్నాను."

"తెలుసు."

"మా ఆయన పోయినప్పుడు నీ పక్కన కూర్చుని అంతా చెప్పుకున్నాను. సగం వినబడదులే అన్న ధైర్యంతో చెప్పాను."

"ఒక్క మాట కూడా రికార్డు చెయ్యలేదు," అన్నాడు.

"చెయ్యవు. అంత మాత్రం నమ్మగలను." ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇవాళ మంచి పని చేశావు. నీ నాలుగో సెక్షన్‌కి ఢోకా లేదు. కానీ పీట్ అంటే నాకు ఇష్టం. నువ్వెవరో నాకు తెలియదు."

మెట్ల దగ్గర ఒడీల్ విగ్గు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"కంగ్రాట్యులేషన్స్. నీ పుణ్యాన ఆర్వెక్స్ ఏ నేరమూ చెయ్యలేదు. మన ఆఫీసు ఐడీ కార్డు ఇటివ్వు."

ఇచ్చేశాడు.

సాయంత్రం భోజనాలకి టోకెను కావాలంటే రిజిస్ట్రేషన్ కౌంటర్లో మళ్ళీ పేరు రాయించుకోవాలన్నారు. అసలు పేరే రాయించాడు. అక్కడి అమ్మాయి రికార్డు వెతికి, "మొదటిసారి వస్తున్నారా?" అని బ్యాడ్జీకి ఆకుపచ్చ రిబ్బను అంటించి కొత్తవాళ్ళ టేబుల్ చూపించింది.

ఆ టేబుల్ నిండా బృందగానమే. బస్సులు పొద్దున్నే గానీ రావు. టోకెన్లు ఎలాగూ హార్‌క్రాఫ్ట్ కొనిపెట్టినవే. అవతల కిటికీ పక్కన ఇంజనీర్ల టేబుల్ దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ అతని వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి వాళ్ళు పడుతున్న అవస్థ అతనికి తెలుస్తూనే ఉంది.

"రండి రండి," అంది లావుపాటి కోరస్ నాయకురాలు, రొట్టె బుట్ట అతని వైపు తోస్తూ. మైకు దగ్గర మాట్లాడింది అతనేనని గుర్తుపట్టినా మొహంలో తెలియనివ్వలేదు. "ఇక్కడ మీకు ఎవరూ తెలియదా?"

"అందరూ తెలుసు. నేనే ఎవరికీ తెలియదు."

ఓదార్చడానికి ఆవిడకి వచ్చిన విద్య ఒక్కటే. బల్ల మీద వేలితో తాళం వేసి మెల్లగా ఊఁకారం ఎత్తుకుంది. టేబులంతా అందుకుంది. కళ్ళతోనే అతన్నీ రమ్మంది. లీవెన్ నోరు మూసుకుని, గుండెలోంచి, ఏళ్ళ తరబడి అలవాటైనట్టే బొంగురుగా ఊఁ కొట్టాడు. టేబులంతా టక్కున ఆగిపోయింది.

"బాబూ," అంది ఆవిడ చెవి రుద్దుకుంటూ, "మీరు గూఢచారి అంటే నేను నమ్మను. మీరు ఇంజనీరే."